ఎడ్లు వాటంతట అవే తిరిగాయట!

నేను అద్భుతం చేశానని చోడవరం చుట్టుపక్కల ఊళ్ళలో ఒక గానుగాట కాలమంతా జనం నమ్మారు. కొన్నాళ్ళు అలా నమ్మినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరి, సంచీ భుజాన వేసుకుని ఊళ్ళు తిరుగుతున్న పిల్లలకి పనికొస్తుందని ఆ సంగతి రాస్తున్నాను. పనికిరాకపోతే పోనీ, బస్సు వచ్చేదాకా కాలక్షేపమైనా అవుతుంది.

కొత్త పైసలు ఇంకా రాని రోజులు. నేను ఏడో క్లాసు రెండుసార్లు చదివాను. మొదటిసారి కంటే రెండోసారి ఇంకా గట్టిగా తప్పాను. మా నాన్న నా మార్కులు చూసి, "దేవుడు నీకు నోరొకటి ఇచ్చాడు, దాంతోనే బతుకు" అన్నారు. ఆ నోటిని చూసే చెరకు గానుగలు అమ్మే కంపెనీ ఒకటి నన్ను ఏజెంటుగా పెట్టుకుంది. టెంపరరీ. చెరకు ఆడే ఆ నాలుగు నెలల్లో ఆరు ఇనప గానుగలు అమ్మితే పర్మనెంటు, లేకపోతే సంచీ వాళ్ళకిచ్చి నేను ఇంటికి. ఇంట్లో అమ్మ, భార్య, ఇద్దరు పిల్లలు. బైబిల్లో పది ఆజ్ఞల పక్కన ఈ ఆరు గానుగలు నాకు పదకొండో ఆజ్ఞ అయి కూర్చున్నాయి.

చోడవరంలో ఒక చిన్న గది తీసుకున్నాను, ఆదివారాలకి ఇంటికి వెళ్ళేవాణ్ణి. గది నుంచి ఇటు మాడుగుల, అటు బుచ్చయ్యపేట, వడ్డాది తిరుగుడు. పొద్దున్న బస్సు ఎన్నింటికని అడిగితే కండక్టరు, "డ్రైవరు గారు టీ తాగీసినాక" అనేవాడు. ఆయన టీ ఎన్నింటికి తాగుతాడో ఆయనకే తెలీదు. ఆ బస్సు కదలాలని నేను చేసినన్ని ప్రార్థనలు మా చర్చి అయ్యగారు చర్చి గోడలు లేవాలని కూడా చేసి ఉండరు. హల్వాకి పేరుపడ్డ మాడుగుల వైపు వెళ్తున్నానంటే చాలు, మా వీధిలో అందరికీ నేను ఏజెంటునని కాకుండా హల్వా తెచ్చేవాణ్ణని గుర్తొచ్చేది.

భోజనం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చెయ్యడం నాకు చిన్నప్పటి అలవాటు. ఇంట్లో బాగానే ఉండేది గానీ హోటల్లో చిక్కొచ్చింది. మొదటి రోజు కళ్ళు తెరిచేసరికి నా అప్పడం పక్కాయన విస్తట్లో ఉంది. "నిద్రోతన్నారేమో అనుకున్నాను బాబూ, మెత్తబడిపోద్దని తీసేసేను" అన్నాడాయన, నమిలేస్తూ. ఆ తర్వాత ఒక చెయ్యి అప్పడం మీద పెట్టి ప్రార్థన చెయ్యడం నేర్చుకున్నాను. దేవుడికి అభ్యంతరం ఉన్నట్టు లేదు.

ఇక గానుగ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, లేకపోతే తర్వాత కథ అర్థం కాదు. మూడు ఇనప రోలర్లు నిలువుగా పక్కపక్కన ఉంటాయి. మధ్య రోలరుకి పెద్ద దూలం కట్టి, దాన్ని ఎడ్లచేత గుండ్రంగా తిప్పిస్తారు. చెరకు మొదట ఒక సందులోంచి వెళ్ళి, మళ్ళీ తిరిగి రెండో సందులోంచి బయటికొస్తుంది. మొదటి సందు కాస్త వదులుగా, రెండోది బిగువుగా ఉండాలి. రెండు పక్కలా బోల్టులుంటాయి, పానాతో తిప్పి సరిచేసుకోవాలి. అంతే. మేకపిల్లకి కూడా నేర్పవచ్చు.

కంపెనీ షెడ్డులో మేస్త్రీ నాకు నేర్పేటప్పుడు మటుకు ఎండగా ఉంది. ఆయన ఎండవైపు నిలబడి బోల్టులు తిప్పుతుంటే నేను ఎదర నీడన నిలబడి నేర్చుకున్నాను. ఆయనకి ఎడమది నాకు కుడి అయింది. ఆ నీడ ఖరీదు ఎంతో అప్పుడు నాకు తెలీదు.

మొట్టమొదటి గానుగ బుచ్చయ్యపేట దారిలో ఒక ఊళ్ళో. ఆ రైతు కొంటానని మాటివ్వలేదు. "ఆడించి సూపించు, అప్పుడు సూద్దాం" అన్నాడు. గానుగ దగ్గర ఊరంతా చేరింది. పాకలో పొయ్యి వెలిగించారు, బెల్లం పెనం కడిగి పెట్టారు. చెరకు పెట్టడానికి ఆ రైతు పెళ్ళామే కూర్చుంది. అరవయ్యేళ్ళుంటాయి. అందరూ మామ్మ అనేవారు, నేనూ అదే అన్నాను. నేను బోల్టులు బిగించి, సినిమా హీరోలా చెయ్యెత్తి, "తోలండి!" అన్నాను.

ఎడ్లు రెండడుగులు వేశాయి. చెరకు సందులోకి దూరనంది. మామ్మ తోస్తోంది, అది వెనక్కి తంతోంది. దూలం కిర్రుమంది. ఎడ్లు ఆగిపోయి నావైపు చూశాయి.

"ఏటి బాబూ, ఇనప గానుగ గాలి పీల్చుకుంటందా?" అన్నాడు రైతు.

"కొత్తది గదా, సిగ్గుపడతంది" అన్నాను.

జనం నవ్వారు. రెండోసారి నవ్వలేదు. మూడోసారి తోలేసరికి ఒక ముసలాయన కండువా దులుపుకుని లేచాడు. ఆయన వెనకే ఇంకో ఇద్దరు. ఆ లేచేవాళ్ళ వీపుల మీద నాకు నా ఉద్యోగం వెళ్ళిపోతూ కనపడింది. ఏం చెయ్యాలో తెలీలేదు. తెలీనప్పుడు మా ఇంట్లో ఏం చేస్తారో అదే చేశాను. చర్చిలో అయ్యగారు అన్నట్టే గట్టిగా, "అందరం కళ్ళు మూసుకొందాం" అన్నాను.

మర్యాదస్తుల ఊరు. లేచినవాళ్ళు కూర్చున్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

ప్రార్థన మొదలుపెట్టాను గానీ ఆపడానికి ధైర్యం చాల్లేదు. కళ్ళు తెరిస్తే మళ్ళీ అదే గానుగ కనపడుతుంది కదా! అందుకని రాష్ట్రపతి గారి కోసం, ప్రధానమంత్రి గారి కోసం, ఆస్పత్రుల్లో ఉన్న రోగుల కోసం, సముద్రం మీద ప్రయాణం చేస్తున్నవారి కోసం, మా చర్చి పెంకుల కోసం, చోడవరం బస్సు కోసం కూడా ప్రార్థించాను. మధ్యలో ఎడ్ల మెడ గంటలు మోగాయి. ఇంక ఎవరూ మిగలక "ఆమేన్" అని కళ్ళు తెరిచాను.

ఎడ్లు రెండోవైపు తిరిగి నిలబడి ఉన్నాయి.

"ఓలమ్మో! ఎడ్లు వాటంతట అయ్యే తిరిగిపోనాయి!" అని ఎవరో కేకవేశారు. రైతు ఎడ్లని అదిలించాడు. మామ్మ నడుం పట్టుకుని ఇటు పక్కకి జరిగి కూర్చుని చెరకు పెట్టింది. చెరకు సుబ్బరంగా లోపలికెళ్ళింది. రసం కాలవలా దిగింది. మొదటి గ్లాసు నాకిచ్చారు. నేను సగం చొక్కా మీద పోసుకున్నాను.

ఆ రైతు అక్కడికక్కడే గానుగ కొన్నాడు. వారం తిరక్కుండా సంతల్లో నా పేరు పోయి 'కళ్ళమూత బాబు' అయ్యాను. గానుగ అడగడానికి వచ్చినవాళ్ళు, "రోలర్లేటి, బరువేటి, అయన్నీ తరవాత. నువ్వొచ్చి కళ్ళు మూసుకుంతావా నేదా?" అనేవారు. మూసుకునేవాణ్ణి. మిగిలిన చోట్ల కూడా బోల్టులు అలాగే బిగించి, మొదటి ఊళ్ళో ఎడ్లు ఎటు తిరిగితే ఆడిందో అటే తోలించేవాణ్ణి. ఆడేది. నాలుగు గానుగలు వెళ్ళిపోయాయి. చర్చిలో అయ్యగారు, "తమ్ముడూ, ఒక ఆదివారం నిలబడి, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పాలి" అన్నారు. నేను మొహమాటపడుతూనే ఏ చొక్కా వేసుకోవాలా అని ఆలోచించాను.

మా ఆవిడ మాత్రం నమ్మలేదు. "మీరు కళ్ళు మూసుకుంటే ఎడ్లు తిరుగుతాయా? పదేళ్ళుగా చూస్తున్నాను, మా అన్నయ్య వచ్చినప్పుడు మీ మొహమే ఇటు తిరగదు" అంది.

ఒకనాడు సంతలో మామ్మ కనపడింది. మిరపకాయలు బేరం చేస్తోంది. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ఎందుకో మా ఆవిడ గుర్తొచ్చింది.

"మామ్మా, ఆ రోజు ఎడ్లు తిరగడం నువ్వు కళ్ళారా చూసేవా?" అని అడిగాను.

"సూడకేటి? నానే గదా తిప్పీసినాను."

"నువ్వా!"

"మరేటి సేత్తాం బాబూ? పాత గానుగా అలగే మొరాయించీది. ఇటు తిప్పితే ఆడీది. దూలం ఇప్పి, ఎడ్లని మళ్ళించి, మల్ల కట్టేసరికి నా నడుం పడిపోనాది. నువ్వింకా సముద్రంలోనే ఉన్నావు."

"అప్పుడే చెప్పొచ్చు గదా!"

"ఎలా సెప్తాను? మా ముసిలోడు తన ఎడ్లని ఎవుల్నీ ముట్టుకోనివ్వడు. ఆ ఎడ్లకి కుడితి పెట్టీది నానే, తోలీది మాత్రం ఆయనంట. అందరూ కళ్ళు మూసుకున్నారని సెయ్యేసేను. తీరా తెరిసేసరికి నువ్వు దేవుడివైపోయి ఉన్నావు. అంత సంబరపడతన్నావు, మద్దెలో నానెందుకని..." అని మిరపకాయలు కొంగులో పోసుకుని వెళ్ళిపోయింది.

నేను గదికి వచ్చి కాగితం మీద మూడు సున్నాలు గీసి, మేస్త్రీ ఎక్కడ నిలబడ్డాడో, నేనెక్కడ నిలబడ్డానో బొమ్మ వేసుకున్నాను. ఎడ్లు అటు తిరిగితే రెండో సందు మొదటిదవుతుంది. అంటే నేను పెట్టిన నాలుగు గానుగలూ మొదటి సందు బిగువుగా, రెండోది వదులుగా, తిరగేసి పెట్టినవే. ఎడ్లు నా తప్పుని కాళ్ళతో దిద్దుతున్నాయి.

అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. నాలుగు అమ్మాను, ఇంకా రెండు అమ్మాలి. కళ్ళమూత బాబుకి కాళ్ళకి మొక్కేవాళ్ళున్నారు, బోల్టులు తిరగేసిన ఏజెంటుకి ఎవరు మొక్కుతారు? "ఎలాగూ ఆడుతున్నాయి కదా" అనుకున్నాను. ఈ మాట, పిల్లలూ, ఉద్యోగంలో ఎప్పుడైనా మీ నోటికొస్తే వెంటనే నీళ్ళు తాగి పుక్కిలించండి. ఐదోది కూడా అమ్మాను. దాన్ని సరిగ్గా బిగించవచ్చా? బిగిస్తే ఎడ్లని రెండోవైపు తోలాలి, ఎందుకలా అని అడుగుతారు. అందుకని తెలిసి తెలిసి దాన్ని కూడా తిరగేసే పెట్టాను. సాక్ష్యం చెప్పమని అయ్యగారు అడిగినప్పుడల్లా గొంతు బాగాలేదనేవాణ్ణి. అల్లం కషాయం తాగించి తాగించి మా అమ్మ నా గొంతు నిజంగానే పాడుచేసింది.

ఆ ఐదోది వడ్డాది దగ్గర ఒక కౌలు రైతుది. గానుగ పెట్టిన రోజు అద్దె ఎడ్లతో ఆడించాం, బాగానే ఆడింది. తర్వాత అతను తన సొంత ఎడ్లని కట్టాడు. అవి పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఒకవైపే తిరిగిన ఎడ్లు. రెండోవైపు కట్టితే పడుకునేవి. వాటి వైపు తోలితే చెరకు దూరేది కాదు. కబురొచ్చింది: 'కళ్ళమూత బాబు ఎంటనే రావాలి.'

సరిగ్గా ఆ రోజే మా మేనేజరు గారు టూరు మీద దిగారు. సన్నగా, పొడుగ్గా, గొడుగుకి పంచె కట్టినట్టుండేవారు. "ఏమయ్యా, నువ్వేదో ప్రార్థన చేసి అమ్ముతున్నావట. అదేమిటో నేనూ చూస్తాను. బాగుంటే మిగతా ఏజెంట్లకి కూడా నేర్పిద్దాం" అన్నారు. నవ్వుతూ అన్నారో నిజంగానే అన్నారో ఆయన మొహం చూసి చెప్పడం బ్రహ్మతరం కాదు. ఇద్దరం బస్సు దిగి బండెక్కి ఊరు చేరాం.

చెరకు మోపులు పాక పక్కన గుట్టగా పడున్నాయి. పైన ఆకులు కప్పి నీళ్ళు చల్లుతున్నారు. కొట్టి రెండు రోజులైంది. చెరకు వాడిపోతే రసం చెడుతుంది, ఎంత కాచినా బెల్లం అచ్చు కట్టదు, బంకలా సాగుతుంది. అతని ఏడాది కష్టమంతా ఆ గుట్టలో ఉంది.

"ఆ అద్దె ఎడ్లనే మళ్ళీ తెచ్చుకోలేకపోయావా?" అని అడిగాను.

"గానుగాట రోజుల్లో ఎడ్లు మల్ల ఎవుడిత్తాడు బాబూ? అయినా నువ్వొత్తావు గదా అని కూకున్నాం. కమ్మరోడు బోల్టు తిప్పి సూత్తానన్నాడు. దేవుడు బిగించింది, ముట్టుకోవద్దని నానే తిట్టి పంపీసినాను" అన్నాడు.

దేవుడు బిగించింది!

నేను నోరు తెరిచే లోపే ఊరంతా గానుగ చుట్టూ కూర్చుని కళ్ళు మూసేసుకుంది. నేను చెప్పక్కర్లేకుండానే! మేనేజరు గారు కూడా గొడుగు మడిచి, కళ్ళు మూసుకున్నారు. తెరిచి ఉన్నవి నావి, ఎడ్లవి. సంచీలో పానా ఉంది. ఈ బోల్టు నాలుగు చుట్లు ఇటు, ఆ బోల్టు నాలుగు చుట్లు అటు. రాష్ట్రపతి గారి దాకా కూడా వెళ్ళక్కర్లేదు, అయిపోతుంది. చెరకు దక్కుతుంది, ఉద్యోగం దక్కుతుంది, పేరు రెట్టింపవుతుంది. ఎవరికీ నష్టం లేదు.

"పరలోకమందున్న తండ్రీ" అని మొదలుపెట్టి పానా బోల్టుకి తగిలించాను. ఒక చుట్టు తిప్పాను కూడా. నిజమే రాస్తున్నాను, ఒక చుట్టు తిప్పాను. ఆ తర్వాత నోట్లోంచి మాట రాలేదు. నేను మాటలకి తడుముకోవడం పుట్టి ఎరగను. రైతుల్ని, కండక్టర్లని, మా బావమరిదిని ఎన్నిసార్లో బురిడీ కొట్టించాను. కానీ ఎవరి పేరు పెట్టి పిలిచానో ఆయన ఎదురుగానే ఉండగా, ఆయన పేరు వెనక దాక్కుని బోల్టు తిప్పడం... చేత కాలేదు.

"అందరూ కళ్ళు తెరవండి" అన్నాను.

"ఇంకా ఆమేన్ అన్నేదుగా?" అన్నాడు ఎవడో.

"అనను. ముందు ఈ పానా చూడండి" అని చెప్పేశాను. ఎండలో మేస్త్రీ, నీడలో నేను, కుడి ఎడమలు, మామ్మ, దూలం విప్పడం, అన్నీ. చెబుతూనే బోల్టులు సరిచేశాను. అతని ఎడ్లని వాటికి అలవాటైన వైపే తోలమన్నాను. చెరకు లోపలికెళ్ళింది. రసం దిగింది. ఎవరూ కేకలు వెయ్యలేదు.

కౌలు రైతు రసం వైపు చూడలేదు, నావైపు చూశాడు. "అయితే ఈ రెండ్రోజులూ నాను ఒక బోల్టు కోసం కూకున్నానా? కమ్మరోడు తిప్పీసుంటే నిన్ననే పెనం దిగిపోను గదా! ఏటి మనిషివయ్యా నువ్వు?"

చొక్కా విప్పి, మోపులు మోశాను. సాయంత్రం దాకా మోశాను. మేనేజరు గారు గొడుగు కింద నిలబడి చూస్తూ ఉన్నారు. పెనం దిగి, పాకం అచ్చుల్లో పోసి, గట్టిపడుతుందా లేదా అని అందరం చుట్టూ మూగాం. రంగు కాస్త నల్లబడింది గానీ అచ్చు కట్టింది. అప్పుడు ఆ రైతు తల్లి, పళ్ళు లేని ముసలావిడ, నా ముందుకొచ్చింది.

"పేర్దన మద్దెలో వొగ్గీసినావు బాబూ. మొదలెట్టినోడివి, పూర్తి సెయ్యి."

ఆ ఊళ్ళోనే నా జీవితంలో అన్నిటికంటే పొట్టి ప్రార్థన చేశాను. "క్షమించు తండ్రీ, బెల్లం ఇచ్చినందుకు వందనాలు, ఆమేన్." కౌలు రైతు మాత్రం కళ్ళు మూసుకోలేదు. ఈసారి నా చేతుల వైపే చూస్తూ కూర్చున్నాడు. న్యాయమే.

తిరుగు బండిలో మేనేజరు గారు గొడుగు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత, "మిగతా నాలుగూ కూడా తిరగేసే ఉన్నాయా?" అన్నారు.

"ఉన్నాయండి."

"ఎప్పుడు సరిచేస్తావు?"

"ఉద్యోగం ఉంటే రేపట్నించి. లేకపోయినా రేపట్నించేనండి. బస్సు చార్జీలే కాస్త..."

"చార్జీలు కంపెనీ ఇస్తుంది" అన్నారు. ఆ గొడుగు మనిషి నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి, చివరిసారి.

నాలుగు ఊళ్ళూ తిరిగి, నాలుగుసార్లు కథంతా చెప్పాను. మామ్మ ఊళ్ళో అసలు నమ్మలేదు. "దేవుడే తిప్పినాడు, నీకు తెల్దు" అని నన్నే సముదాయించారు. మామ్మ మొగుడొక్కడే నమ్మి మండిపడ్డాడు. "నా ఎడ్లని ముట్టుకున్నావా?" అన్నాడు. "ముట్టబట్టే ఈయేడు బెల్లం తిన్నావు. రేపటినుంచి నానే తోల్తాను, నువ్వు సెరుకెట్టు" అంది మామ్మ. నేను ఉన్నంతసేపూ ఆయన చెరకే పెట్టాడు. ఆదివారం చర్చిలో నిలబడి ఇదే సాక్ష్యంగా చెప్పాను. దేవుడు ఎడ్లని తిప్పలేడని కాదు, ఆ రోజు ఆ పని మామ్మకి అప్పజెప్పి, నాకు మాత్రం నోరు మూసుకునే పని ఇచ్చాడు, నేను కళ్ళు మూసుకున్నాను అన్నాను. అయ్యగారు దగ్గారు. అది నవ్వు ఆపుకునే దగ్గని వెనక బెంచీలో కూర్చున్నవాళ్ళకి కూడా తెలిసింది.

ఆరో గానుగ ఆ ఏడు అమ్మలేకపోయాను. పర్మనెంటు ఇంకో ఏడాదికి వాయిదా పడింది. మా ఆవిడ ఆ సంవత్సరం కొత్త చీర మాట ఎత్తలేదు. వాళ్ళన్నయ్య మాట మాత్రం ఎత్తింది.

మరుసటి గానుగాటకి కంపెనీ నుంచి కొత్త సరుకు వచ్చింది. పెట్టె విప్పి చూస్తే ప్రతి గానుగకీ మొదటి సందు బోల్టు మీద ఎర్ర రంగు చుక్క. మేనేజరు గారి కార్డు ఒకటి దాంతోపాటు: 'ఎండలో నిలబడినా నీడలో నిలబడినా ఎరుపు ఎరుపే.' ఊళ్ళలో ఆడవాళ్ళు ఆ చుక్క చూసి, గానుగ బొట్టు పెట్టుకునే వచ్చిందని మురిసిపోయి పక్కన పసుపు కూడా రాశారు. ఆ ఎరుపెందుకని అడిగిన ప్రతి రైతుకీ మొత్తం కథ చెప్పాను. విన్నాక కొన్నవాళ్ళున్నారు, కొననివాళ్ళున్నారు. కొన్నవాళ్ళందరూ మాత్రం పానా నా చేతిలోంచి తీసుకుని, ఆ బోల్టులు తామే ఒకసారి తిప్పి చూసుకున్నారు.